కడుపుతో ఉన్నప్పుడు పడకలో మాట ఎవరిది?

గర్భిణీ స్త్రీ చేతికిచ్చే కార్డులో బరువు రాస్తారు, బి.పి. రాస్తారు, రక్తం ఎంత ఉందో రాస్తారు, ఐరన్ మాత్రలు లెక్కగట్టి ఇస్తారు. ఆ తొమ్మిది నెలలూ భార్యాభర్తల మధ్య ఏం జరుగుతోంది, అందులో ఆమె ఇష్టమేమిటి, ఇబ్బందేమిటి అని మాత్రం ఎవరూ అడగరు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో స్త్రీలతో మాట్లాడేటప్పుడు ఈ విషయం చివర్లో, అందరూ లేచి వెళ్తుండగా, గొంతు తగ్గించి బయటికొస్తుందని నేను గమనించాను. అదీ "ఆయన్ని దగ్గరికి రానివ్వచ్చా?" అన్న రూపంలోనే. "నాకు ఇష్టమైతే ఫర్వాలేదా?" అని గానీ, "నాకు ఇష్టం లేకపోతే ఏం చెయ్యాలి?" అని గానీ ఎవరూ అడగరు. అడగని ఆ రెండు ప్రశ్నల గురించే మనం మాట్లాడుకోవాలి.

మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే జవాబు సూటిగానే ఉంది. గర్భం ఏ చిక్కూ లేకుండా సాగుతుంటే కలయిక వల్ల బిడ్డకు హాని లేదు. ఉమ్మనీరు, గర్భాశయ కండరాలు బిడ్డను కాపాడుతుంటాయి. రక్తస్రావం అవుతున్నా, మాయ కిందికి ఉండి గర్భాశయ ద్వారానికి అడ్డంగా ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా, నెలలు నిండకుండానే కాన్పు వచ్చే ప్రమాదం ఉందని డాక్టరు చెప్పినా మానుకోవాలి. మొదటి నెలల్లో వాంతులు, నీరసం వల్ల ఇష్టం తగ్గవచ్చు, మధ్య నెలల్లో పెరగవచ్చు, చివర్లో మళ్ళీ తగ్గవచ్చు. అందరికీ ఒకేలా ఉండదు. కడుపు పెరిగాక వెల్లకిలా పడుకుంటే ఆ బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్ళు తిరగవచ్చు. పక్కకు తిరిగి పడుకోవడమే సుఖం. కలయిక లేకుండా కూడా దగ్గరితనం ఉంటుంది. నడుం పట్టడం, కాళ్ళు ఒత్తడం, పక్కన కూర్చుని మాట్లాడడం కూడా అందులో భాగమే. ఇంత మాత్రం చెప్పడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అయినా మన ఆసుపత్రుల్లో "దూరంగా ఉండండి" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఎందుకో, ఎన్నాళ్ళో చెప్పరు.

ఈ నేల మీద ఈ ప్రశ్నకు మరో ముఖం కూడా ఉంది. పత్తి తీతలు, వాటి వెనకే మిరప కోతలు. నెలలు నిండినా కూలికి వెళ్ళక తప్పని స్త్రీ రోజంతా వంగి, ఎండలో నిలబడి, ఘాటు పీల్చి ఇంటికొస్తుంది. మిరపకాయలు కోసిన చేతులు, తొడిమలు తీసిన చేతులు రాత్రికి కూడా మండుతూనే ఉంటాయి. ఆ కారం నీళ్ళతో కడిగితే పోదు. నూనె రాసి, తర్వాత సబ్బుతో రుద్దాలి. అదే చెయ్యి సున్నితమైన చర్మానికి తగిలితే ఎలా ఉంటుందో ఆ పని చేసేవాళ్ళను అడగాలి. మగవాడు పత్తికి మందు కొట్టి, అవే బట్టలతో ఇంట్లోకొస్తే ఆ విషం ఆమె దాకా వస్తుంది. స్నానం చేసి, బట్టలు మార్చుకుని భార్య దగ్గరికి వెళ్ళడం మర్యాద మాత్రమే కాదు, ఆరోగ్య సూత్రం కూడా.

కర్నూలు పడమటి ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఈ కోతలకు వలస వస్తాయి. పొలం పక్కన వేసుకున్న పట్టా గుడారంలో పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ ఒక్కచోటే. అక్కడ ఆమె "వద్దు" అనాలన్నా పక్కవాళ్ళకు వినబడకుండా అనాలి. వినబడని "వద్దు"ను లెక్కచేసేదెవరు?

మన ఆచారంలో రక్షణ ఉంది కదా అనేవాళ్ళున్నారు. సీమంతం చేసి, మొదటి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళడం కొందరు స్త్రీలకు నిజంగానే ఊపిరి పీల్చుకునే వ్యవధి. కానీ కూలి మానితే గడవని పుట్టింటికి ఎవరు వెళ్తారు? రెండో కాన్పుకు ఎవరు తీసుకెళ్తారు? పైగా పంపేదీ పెద్దలే, పిలిపించేదీ పెద్దలే. భర్తతో ఉండాలని ఆమెకుంటే ఆ కోరికకు అందులో చోటు లేదు.

ఇక రెండో ప్రశ్న. ఇష్టం లేకపోతే? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 64వ సెక్షన్, గర్భవతి అని తెలిసి అత్యాచారం చేసినవాడికి కనీసం పదేళ్ళ కఠిన శిక్ష విధించింది. అంటే గర్భిణి శరీరానికి ఎక్కువ రక్షణ అవసరమని చట్టానికి తెలుసు. కానీ అంతకు ముందున్న 63వ సెక్షన్, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యతో భర్త జరిపే సంభోగం అత్యాచారమే కాదంటుంది. ఆమె గర్భవతి అని అందరికంటే ముందు తెలిసినవాడినే చట్టం వదిలేసింది! ఈ మినహాయింపు తీసెయ్యాలని 2013లోనే జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది. అంతకు ముప్పై ఏళ్ళ క్రితం, 1983లో, సరిత కేసులో మన హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి పంపే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. స్త్రీ శరీరం మీద, గర్భం మీద నిర్ణయం ఆమెదేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడే సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. అయినా మన చేతిలో ఏమీ లేదనుకోనక్కర్లేదు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే గుర్తించింది. 2022లో సుప్రీంకోర్టు, గర్భవిచ్ఛిత్తి చట్టం వరకు వైవాహిక అత్యాచారం కూడా అత్యాచారమేనని చెప్పింది.

ఇంకో మాట. ఒకప్పుడు రాష్ట్రంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం కూడా ఉన్నాయి. కడుపు వచ్చాక నిరోధ్ ఎందుకన్నది చాలామంది అభిప్రాయం. గర్భంలో అంటిన జబ్బు బిడ్డకూ రావచ్చు. భర్తకు ఇన్ఫెక్షన్ ఉన్నా, ఉందన్న అనుమానమున్నా ఆ నెలల్లో నిరోధ్ వాడాల్సిందే. అది అడిగే ధైర్యం ఆమెకు ఎక్కడి నుంచి రావాలి?

మన పని ఇక్కడే ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు ఆమెతో ముందు ఒంటరిగా, తర్వాత ఆమె ఒప్పుకుంటే భర్తతో కలిపి, ఈ విషయం మాట్లాడమని ఎ.ఎన్.ఎం.లనూ ఆశా కార్యకర్తలనూ కోరాలి. మన సంఘాల కౌన్సెలింగ్‌లో దెబ్బల గురించి అడిగినట్టే పడక గురించి కూడా అడగాలి. ఆమె చెప్పింది గృహహింస దరఖాస్తులో నమోదు చేయించాలి. మగవాళ్ళతో కూడా మాట్లాడాలి. భార్య "వద్దు" అంటే ప్రేమ లేదని అర్థం కాదని, "కావాలి" అంటే సిగ్గులేదని అర్థం కాదని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

గర్భిణీ స్త్రీ బిడ్డను మోసే పాత్ర కాదు. ఆ తొమ్మిది నెలలు కూడా ఆమెకు ఇష్టాలున్నాయి, అలసట ఉంది, నోరుంది. "దగ్గరికి రానివ్వచ్చా?" అని ఆమె డాక్టర్ని అడిగినప్పుడు, "మీకెలా ఉందమ్మా?" అని తిరిగి అడిగే ఆసుపత్రులు మనకు కావాలి.