బీచ్‌ల దగ్గర రాత్రి బసకు చోటివ్వండి
నెల్లూరు తీరం వెంట కారవాన్ మజిలీలు కావాలని పెద్దవాళ్ల తరఫున కరపత్రం



పోయిన కార్తీకంలో మన తీరంలో ఒక బీచ్ దగ్గర జరిగిన సంగతి మీలో చాలామంది విన్నదే. రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన భార్య. ఆమె కూడా టీచరే. పాత టెంపో ట్రావెలర్ కొన్నారు. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నారు. ఆ మార్పులకు మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్‌టీఓ అనుమతి కూడా తీసుకున్నారు. కావలి నుంచి తడ దాకా సముద్రం పక్కనే నింపాదిగా దిగుదామని బయల్దేరారు.

సాయంత్రానికి బీచ్ చేరారు. అక్కడ మరుగుదొడ్లు ఉన్నాయి. గోడలకు కొత్త రంగు, తలుపుల పక్కన ఆడ, మగ బొమ్మలు, తలుపులకు తుప్పు పట్టిన తాళాలు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే టీకొట్టు మనిషి ఒక పేరు చెప్పాడు. ఆ పేరుగలాయన ఊళ్లో లేడు. రాత్రి పదిన్నరకు బండి అద్దం మీద టార్చిలైటు పడింది. "పెద్దాయనా, ఇక్కడ పెట్టకూడదు, బండి తియ్యి." మరి ఎక్కడ పెట్టుకోవాలి సార్ అంటే, "అది మాకు తెలవదు." రొయ్యల గుంటల గట్ల మధ్య, ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి చోటు లేని రోడ్డు మీద, చూపు మందగించిన మనిషి అర్ధరాత్రి బండి తోలుకుంటూ హైవే ఎక్కాడు. పెట్రోలు బంకులో లారీల మధ్య తెల్లవార్లూ కూర్చున్నారు. ఆమె ఆ మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేసింది. తర్వాత జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఆసుపత్రి మంచం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అందుకే ఈ కరపత్రం.

కారవాన్, అంటే ఇలా మంచాలు, పొయ్యి ఉన్న బండి, అనగానే సినిమా హీరోలదే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మన తాతలు గూడుబండి కట్టించి, వంటసామాను, పరుపులు, బిందెలు సర్దుకుని, పిల్లాజెల్లాతో జొన్నవాడకో పెంచలకోనకో పోలేదా? దారిలో చింతతోపు కింద ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకోలేదా? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు తూర్పు తీరం వెంట తిరిగొచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. డేరాలతో, పరివారంతో సాగిన ఆ ప్రయాణంలో ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి అని ఊరూరికీ రాసుకుంటూ వచ్చాడు. మన పక్కనే బకింగ్‌హాం కాలువ ఉంది. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా ఉప్పు, సరుగుడు కట్టెలు మోసిన పడవలవాళ్లు పడవలోనే వండుకున్నారు, పడవలోనే పడుకున్నారు, రేవు వచ్చినచోట ఆగారు. వాళ్లకు రేవులున్నాయి, సత్రాలున్నాయి. నేషనల్ హైవే 16 వేసుకున్న మనకు, సముద్రం దగ్గర రాత్రి పూట బండి ఆపుకునే గజం నేల లేదు.

అసలు బాధకు వస్తాను. మరుగుదొడ్డి.

మగవాళ్లు ఈ మాట చదివి పేజీ తిప్పెయ్యొద్దు. అరవై దాటిన ఆడమనిషికి ప్రయాణమంటే మొదటి లెక్క ఇదే. మోకాళ్ల నొప్పులున్న మనిషి సరుగుడు తోపులో చీకట్లో కింద కూర్చోలేదు. కూర్చుంటే లేవలేదు. షుగరున్నవాళ్లు గంట గంటకూ లేవాలి. అందుకని ఏం చేస్తారు? పొద్దున కాఫీ మానేస్తారు. మధ్యాహ్నం మజ్జిగ మానేస్తారు. ఎండలో, ఉప్పుగాలిలో గొంతు తడుపుకోకుండా కూర్చుంటారు. "నాకు దాహంగా లేదు" అని పిల్లలకు అబద్ధం చెబుతారు. మీ ఇంట్లో అమ్మను అడగండి, అత్తను అడగండి. ఊరు దాటిన ప్రతిసారీ వాళ్లు చేసేది ఇదే.

బండిలోనే దొడ్డి ఉంటే సరిపోదా అంటారు. పెద్ద కారవాన్లలో ఉంటుంది, పెట్టెలాంటి చిన్న ట్యాంకుతో. ఇద్దరు వాడితే రెండు మూడు రోజుల్లో నిండుతుంది. నిండినదాన్ని పొయ్యడానికి సెప్టిక్ ట్యాంకుకు కలిపిన ఒక గుంట, కడగడానికి ఒక కొళాయి కావాలి. అది లేకపోతే పోసేది ఎక్కడ? కాలువలోనా? పులికాట్ సరస్సులోనా? చోటు చూపించకుండా శుభ్రత గురించి మాకు పాఠాలు చెప్పకండి.

ఏటా రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర లక్షల మందికి నీళ్లు, దొడ్లు, దీపాలు, పార్కింగ్ ఏర్పాటు చేస్తున్న జిల్లా ఇది. బీచ్‌ల దగ్గర అవి పెట్టనిది చేతకాక కాదు. మనసు లేక. ముసలివాళ్లు ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవాలన్నది పాలకుల ఉద్దేశం. 2020 మార్చిలో రైళ్లలో 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఆపేశారు. కరోనా పోయింది, రైళ్లు నిండాయి, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. పోనీ సొంత బండిలో, సొంత డీజిలుతో తిరుగుతామంటే టార్చిలైటు వేసి తరుముతారా? ముప్పై ఏళ్లు జీతంలోంచి పన్ను కోయించుకున్నవాళ్లం. బిచ్చం అడగడం లేదు.

కేరళ 2021లోనే కారవాన్ విధానం తెచ్చింది. మన రాష్ట్రమూ 2025లో తెచ్చింది. జీవోలు కాగితం మీద ఉన్నాయి. తూపిలిపాలెం బీచ్‌లో రాత్రి ఆగిన మనిషికి ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది?

ఇక సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనలనే సాకు. తీరంలో ఏం కట్టినా చట్టం ఒప్పుకోదని ఆఫీసుల్లో చెప్పి పంపించేస్తున్నారు. 2019 నోటిఫికేషన్ తెరిచి చదవండి. ఆమోదించిన పర్యాటక ప్రణాళికలో చూపిస్తే, పోటు గరిష్ఠ రేఖకు కనీసం 10 మీటర్లు వదిలి, తాత్కాలికంగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, షవర్లు, తాగునీళ్లు పెట్టుకోవచ్చని అందులోనే ఉంది. పైగా మేం అడిగేది ఇసకలో కాదు, సరుగుడు తోపుకు ఇవతల, ఊరి రోడ్డు పక్కన.

తాగుబోతులు చేరతారంటారు. ఇప్పుడు చీకట్లో చేరుతున్నది ఎవరు? దీపం, కాపలా, రాకపోకలు ఉన్నచోట వాళ్లు నిలవరు. హోటళ్లున్నాయిగా అంటారు. నెల్లూరులో ఉన్నాయి, కొత్తకోడూరు ఒడ్డున సూర్యోదయం చూడాలంటే నెల్లూరు హోటలు పనికిరాదు.

మేం అడిగేది ఇది. తుమ్మలపెంట, రామతీర్థం, మైపాడు, కొత్తకోడూరు, తూపిలిపాలెం, నేలపట్టు. ఈ ఆరు చోట్ల పది బండ్లు ఆగేంత గట్టి నేల. రాత్రింబవళ్లు తెరిచి ఉండే దొడ్లు, వాటిలో కనీసం ఒకటి కుర్చీలా కూర్చునేది, పట్టుకుని లేవడానికి గోడకు కమ్మీతో. మంచినీళ్ల కొళాయి, వాడిన నీళ్లు పోసే గుంట, 16 ఆంప్స్ ప్లగ్గు, ఒక దీపం. తాళంచెవి ఏ ఆఫీసులోనూ వద్దు. ఆ ఊరి మత్స్యకార ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఇవ్వండి. రాత్రికి రెండు వందలు మేం కడతాం, ఆ డబ్బు వాళ్లదే. చేపల పులుసు వండి అమ్ముకుంటే అదీ వాళ్లదే. వలలు ఆరేసుకునే చోటు, పడవలు లాగే చోటు ముట్టుకోకుండా స్థలం ఎక్కడో వాళ్లే చూపించాలి.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అది మా పరిధి కాదు అనే జవాబు మళ్లీ వినం. ఇద్దరు కలెక్టర్లూ కూర్చుని మాట్లాడుకోవాలి. అక్టోబరు దాటితే పులికాట్‌కు ఫ్లెమింగోలు వస్తాయి, తుఫాన్లు తగ్గిన జనవరి నుంచి మార్చి దాకా మా వయసువాళ్లకు ఈ తీరం అనువైన కాలం. పని ఈలోపే కావాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రండి. ఒకే అర్జీ మీద వంద సంతకాలు పెట్టొద్దు, దాన్ని ఒక్క అర్జీగానే లెక్కేస్తారు. ఎవరి అర్జీ వాళ్లు రాయండి. మీరు ఏ బీచ్‌లో, ఏ రాత్రి, ఎందుకు బండి తియ్యాల్సి వచ్చిందో రాయండి. ఆడవాళ్లు సిగ్గుపడకుండా వాళ్ల చేత్తోనే రాయండి. రశీదు తీసుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు.