సేజ్ అంటే ఋషి. అంతేనా?

థాంక్స్‌గివింగ్ సెలవుల తరువాత మా తరగతి పిల్లల్ని "సెలవుల్లో ఏం చేశారు?" అన్న అంశం మీద పది వాక్యాలు రాసి తెమ్మన్నాను. ఒక బాబు ఇలా రాశాడు: "పక్కింటివాళ్ళు మమ్మల్ని భోజనానికి పిలిచారు. వాళ్ళు టర్కీ కోడిలో రొట్టె ముక్కలు, ఉల్లిపాయలు, ఋషిని పెట్టి వండారు."

చదివి పడీ పడీ నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. తప్పు వాడిది కాదు, నాది. నేనిచ్చిన పదాల పట్టికలో ఒక వైపు "ఋషి", ఎదురుగా "సేజ్" అని ఉంది. వాడు మాస్టారి మాట నమ్మాడు.

నిజానికి ఇంగ్లీషులో సేజ్ అనేవి రెండు వేరు వేరు మాటలు. జ్ఞాని అనే అర్థం వచ్చే సేజ్‌కి మూలం లాటిన్‌లో "రుచి చూడటం, తెలివి కలిగి ఉండటం" అనే అర్థాలున్న క్రియ. వంటలో వేసే సేజ్ ఆకు "సాల్వియా" అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. దానికి మూలం "ఆరోగ్యం". రెండూ ఫ్రెంచి భాష మీదుగా వచ్చి ఒకే రూపానికి చేరాయి. ఆ ఆకు రంగును బట్టి గోడలకు వేసే బూడిద కలిసిన ఆకుపచ్చను కూడా సేజ్ అనే అంటున్నారు.

ఈ ఆకు మనకు పరాయిది కూడా కాదు. సేజ్ మొక్క, మన తులసి, పుదీనా ఒకే కుటుంబానికి చెందినవి. నెవాడా ఎడారిలో మైళ్ళ తరబడి కనిపించే సేజ్‌బ్రష్‌ది మాత్రం వేరే కుటుంబం. అది ఆర్టెమీసియా జాతి. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రిలో మొదట వేసే మాచిపత్రిదీ ఆ జాతే. అంటే అక్కడ పొదల్లో ఉన్నది మన మాచిపత్రికి చుట్టమన్నమాట.

ఇక మన వైపు చూద్దాం. ఋషి, ముని, యోగి, తపస్వి, జ్ఞాని. పట్టికలో వీటన్నిటికీ ఎదురుగా సేజ్ అన్న ఒక్క మాటే రాసి ఊరుకుంటాం. కానీ వేమనను యోగి అంటాం, ఋషి అనం. రమణులను మహర్షి అంటాం. ముని అన్న మాట వినగానే మౌనం గుర్తుకొస్తుంది. ఋషి అంటే చూసినవాడని యాస్కుడు నిరుక్తంలో అర్థం చెప్పాడు. అనుభవంతో నాలుగు మంచి మాటలు చెప్పే తాతయ్యను ఇంగ్లీషులో సేజ్ అనవచ్చు. తెలుగులో ఆయన పెద్దమనిషి, వివేకి. ఋషి అంటే ఆయనే నవ్వుతాడు.

ఈ తేడాలు పండితుల గొడవ అనుకోవద్దు. విశ్వామిత్రుడి కథనే తీసుకోండి. వాల్మీకి బాలకాండలో ఆయన వెయ్యేళ్ళు తపస్సు చేస్తే బ్రహ్మ "రాజర్షివి" అన్నాడు. ఆయన సిగ్గుపడి, బాధపడి మళ్ళీ తపస్సుకు కూర్చున్నాడు. తరువాత ఋషి, ఆపైన మహర్షి, చివరికి బ్రహ్మర్షి అయ్యాడు. వసిష్ఠుడు కూడా ఆ మాట ఒప్పుకున్నాకే ఆయన మనసు కుదుటపడింది. ఈ కథను సేజ్ అన్న ఒక్క మాటతో చెప్పి చూడండి. సేజ్ తపస్సు చేసి సేజ్ అయ్యాడు, చాలక మళ్ళీ తపస్సు చేసి సేజ్ అయ్యాడు! కోపం, పంతం, ఓటమి దాటి మనిషి మెట్టు మెట్టుగా ఎదిగిన కథ మన పిల్లలకు అందకుండా పోతుంది.

మరో చిక్కు కూడా ఉంది. "ముని అంటే సేజ్" అని నేర్చుకున్న పిల్ల మునివేళ్ళను ఏమనుకుంటుంది? మునిమాపును, మునిమనవణ్ణి ఏమనుకుంటుంది? అక్కడి "ముని" అచ్చ తెలుగు. దానికీ తపస్సుకూ సంబంధం లేదు. పట్టిక ఆ సంగతి చెప్పదు. "అమ్మాయి మునివేళ్ళ మీద నిలబడి డబ్బా అందుకుంది" అన్న ఒక్క వాక్యం చెబుతుంది.

"ఇంగ్లీషు అర్థం ఇవ్వకపోతే ఇంట్లో ఎలా చదివించమంటారు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వారానికి దొరికేది రెండు గంటలు. ఇంగ్లీషు అర్థం వద్దని నేననడం లేదు, అక్కడితో ఆగవద్దంటున్నాను. వారానికి ఇరవై మాటల పట్టిక బదులు ఐదే మాటలు ఇద్దాం. ఒక్కో మాటకు రెండు వాక్యాలు, వీలైతే ఒక చిన్న కథ జోడిద్దాం. ఇంట్లో అమ్మానాన్నలు ఆ మాటను వారంలో నాలుగు సార్లు మామూలు మాటల్లో వాడితే చాలు. చివరికి పిల్లలకు వచ్చిన మాటల లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ వచ్చిన మాటలు వాళ్ళకు పనికొస్తాయి.

ఈసారి ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్ళండి. వాళ్ళు బిగ్ డిప్పర్ అని పిలిచే ఏడు చుక్కలే మన సప్తర్షి మండలం అని చెప్పండి. గరిటె కాడ చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. మీ పెళ్ళిలో పురోహితుడు ఆ చుక్కను ఎందుకు చూపించాడో కూడా చెప్పండి. తరువాత "ఋషి అంటే ఎవరు?" అని పిల్లల్నే అడగండి. వాళ్ళు చెప్పే జవాబులో సేజ్ అన్న మాట రాకపోవచ్చు.