పులి చీటీ ఉన్నోడే గెలుస్తుంటే ఇంక ఆట ఎందుకు?



పోయిన నెల ఇదే గోడ మీద 9వ తరగతి మిత్రుడు ఒకడు పోకెమాన్ ఆట గురించి రాశాడు. అందరూ చదివే ఉంటారు. 1996 నుంచి ఒకే ఆటకి పేరు మార్చి, రంగు మార్చి అమ్ముకుంటున్నారని, కొనేవాళ్ళు ఉత్త అమాయకులని అతని వాదన. అందులో సగం నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగానికి జవాబు చెప్పాలి. ఎందుకంటే మన హాస్టల్లో చీటీల ఆట గురించి కూడా ఇప్పుడు అదే మాట అంటున్నారు, "పాతబడిపోయింది, పారేయండి" అని.

తెలియని తమ్ముళ్ళ కోసం ముందు ఆ ఆట సంగతి చెప్తాను. గడ్డిలో నడుస్తుంటే వింత జీవులు ఎదురవుతాయి. బంతి విసిరి వాటిని పట్టాలి, పెంచాలి, ఇంకొకళ్ళ జీవులతో పోటీకి దింపాలి. సంక్రాంతి సెలవుల్లో కొత్తగూడెంలో మా బావ దగ్గర నేను ఆడాను. నాలుగు రోజులు అన్నానికి పిలిచినా లేవలేదని మా అత్త తిట్టింది, అది వేరే విషయం.

దాన్ని తయారుచేసినాయన సతోషి తాజిరి. జపాన్‌లో టోక్యో నగరం అంచున మచిదా అనే ఊళ్ళో పెరిగాడు. చిన్నప్పుడు ఆయనకి పురుగుల పిచ్చి. చెరువు గట్లమ్మట, చెట్లమ్మట తిరిగి పట్టేవాడు. తర్వాత చెరువులు పూడ్చారు, ఇళ్ళు లేచాయి, పురుగులు పోయాయి. ఆ పట్టుకునే సంతోషం ఇప్పటి పిల్లలకి కూడా తెలియాలని ఈ ఆట చేశాడు. ఇంకో సంగతి మనకి బాగా నచ్చుతుంది. ఆయన కంపెనీ గేమ్ ఫ్రీక్ మొదట కంపెనీ కాదు, పత్రిక. 1983లో చేత్తో రాసి, కాగితాలకి పిన్ను కొట్టి అమ్మిన పత్రిక. మనం గోడకి అంటిస్తున్నాం, ఆయన పిన్ను కొట్టాడు, అంతే తేడా!

ఇక మార్పుల సంగతి. మొదటి ఆటలో 151 జీవులు. 1999లో వచ్చినదానికి 251 అయ్యాయి. 2022 నాటికి వెయ్యి దాటాయి. మన మిత్రుడు ఈ లెక్క చూసే "ఊరికే పెంచుకుంటూ పోయారు" అన్నాడు. కానీ లెక్క పెరగడం అసలు మార్పు కాదని నా ఉద్దేశం. మొదటి ఆటలో నిప్పు గడ్డిని కాలుస్తుంది, నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి, గడ్డి నీళ్ళని గెలుస్తుంది. ఎవరికి వాళ్ళకి ఒక శత్రువు ఉన్నాడు. ఒక్క మనోశక్తి జీవులకి మాత్రం సరైన విరుగుడు లేదు. అవి ఉన్నవాడిదే గెలుపు. 1999లో చీకటి జాతి, ఉక్కు జాతి అని రెండు కొత్తవి తెచ్చారు. చీకటి జాతి మీద మనోశక్తి అసలు పనిచేయదు. అట్లాగే డ్రాగన్లు మరీ మీరిపోతే 2013లో వాటి దెబ్బ తగలని దేవకన్యల జాతిని దింపారు. పాత ఆటగాడు "నాకు జవాబు తెలుసు" అని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న చోటే దెబ్బ కొట్టారన్నమాట.

అదే 1999 ఆటలో ఒక గడియారం కూడా పెట్టారు. రాత్రిపూట దొరికే జీవులు కొన్ని పగలు కనపడవు. మనకిది వింతేమీ కాదు. మిణుగురు పగలు కనపడుతుందా?

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది మా బావ చూపించిన 2022 జనవరి ఆట. అందులో గడ్డిలో వంగి, చప్పుడు చేయకుండా వెనక నుంచి పోయి, మనమే గురిచూసి బంతి విసరాలి. జీవికి కోపం వస్తే మనిషినే కొడుతుంది. తూనీగ తోక పట్టుకోవడానికి ఊపిరి బిగబట్టినవాళ్ళకి ఆ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ ఆట తాజిరి గారి చిన్నతనానికే తిరిగి వెళ్ళిందని నాకు అనిపించింది.

తప్పులు కూడా చేశారు. 2019 ఆటలోకి పాత జీవులన్నిటినీ తెచ్చుకోనీయలేదు. ఏళ్ళ తరబడి పెంచుకున్నవాళ్ళు చాలా గొడవ చేశారు. న్యాయమే కదా.

ఇంత దూరం జపాన్ దాకా ఎందుకు, మన లైబ్రరీలో బైండు చేసిన పాత చందమామలు ఉన్నాయి, తీసి చూడండి. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. అందులో బేతాళ కథలు 1950ల నుంచి వచ్చాయి. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పుతాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. నెలనెలా ఒక దయ్యాన్ని పట్టడం, అది జారిపోవడం! సంస్కృతంలో ఉన్న అసలు కథలు 25 మాత్రమే. ఆ 25 ఎప్పుడో అయిపోయాయి. తర్వాత కొత్త కథలు రాయించి అదే చెట్టుకి, అదే శవానికి తగిలించారు. 2013 నాటికి చందమామ ఆగిపోయింది గానీ అన్ని దశాబ్దాలూ మొదలు, చివర మారలేదు. శంకర్ గారు గీసిన ఆ కత్తి పట్టుకున్న రాజు బొమ్మ మారలేదు.

ఎందుకు మార్చలేదంటారు? ఆ నెలే మొదటిసారి చందమామ పట్టుకున్న పిల్లవాడు కూడా తికమక పడకుండా కథలోకి రావాలి కాబట్టి. అది వాడి కోసం తీసిపెట్టిన తలుపు. ఇరవై ఏళ్ళుగా చదివే పెద్దాయన కోసం లోపల ప్రశ్న మాత్రం కొత్తది ఉండాలి. (కొన్ని నెలల్లో ప్రశ్న మరీ తేలిగ్గా ఉంటుంది, రాజు అవసరం లేదు, మన 7వ తరగతివాళ్ళు చెప్పేస్తారు.) పోకెమాన్ కూడా ప్రతి కొత్త ఆటలో మొదట చేతికి మూడు జీవుల్లో ఒకటి ఇచ్చే పద్ధతి చాలావరకు మార్చలేదు. తలుపు అట్లాగే ఉంది, లోపల పాతవాడికి తెలిసిన జవాబు మార్చారు.

ఇప్పుడు మన చీటీల సంగతికి వస్తాను. నోటుబుక్కు అట్టలు కత్తిరించి, బొమ్మ గీసి, కింద బలం అంకె వేస్తాం. పులికి 100, అడవిదున్నకి 95, ఎలుగుబంటికి 90, ఉడుముకి 40, పాపం తూనీగకి 5. పెద్ద అంకె గెలుస్తుంది. మూడు పులి చీటీలూ పెద్ద తరగతుల దగ్గరే ఉన్నాయి. 6వ తరగతి తమ్ముడు ఒకడు తన గుడ్డు ఇచ్చి ఒక్క రోజుకి పులి చీటీ అడుక్కున్నాడు. ఆ గుడ్డు తిన్నది మా తరగతివాడే. వార్డెన్ సార్ గారికి తెలిసి చీటీలన్నీ తీసుకుని బీరువాలో పెట్టారు. సార్ మీద నాకు కోపం లేదు, గుడ్డు సంగతి తెలిస్తే ఎవరైనా అదే చేస్తారు.

ఇంకో వంద బొమ్మలు గీద్దామని కొందరు అంటున్నారు. వంద గీసినా పులి 100 గానే ఉంటే గుడ్లు పోతూనే ఉంటాయి. పాతవి రద్దు చేసి మళ్ళీ మొదలుపెడదామని ఇంకొందరు. వెళ్ళిపోయిన అన్నలు గీసిన చీటీలు రద్దు చేయడానికి మనం ఎవరం?

నేను అడిగేది చిన్నదే. పులికి ఒక విరుగుడు చీటీ పెడదాం, ముళ్ళపంది. మన ఊళ్ళల్లో ఏదుపంది అంటాం కదా, అదే. దాని ముళ్ళు గుచ్చుకుని పులులు కుంటివి కావడం నిజంగా జరిగేదే. ఏదుపందికి బలం 30 చాలు, కానీ పులి ఎదురైతే అదే గెలవాలి. గుడ్లగూబకీ, మిణుగురుకీ దీపాలు పెట్టాక బలం రెట్టింపు. ఆరుద్ర పురుగుకి తొలకరి వానల్లో మాత్రం 100, తర్వాత 1. కొత్తగా చేరిన ప్రతి తమ్ముడికీ మొదటి రోజు మూడు చీటీలు ఊరికే ఇవ్వాలి, ఏదుపంది అందులో ఒకటి. తినేది ఇచ్చి చీటీ తీసుకున్నా, చీటీ ఇచ్చి తినేది తీసుకున్నా నెల రోజులు ఆట బంద్. జీవి పేరు కోయ మాటలో కూడా రాయాలి, రానివాళ్ళు సెలవుల్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి రావాలి. అలుగుని నిజంగా పడితే 1972 చట్టం ప్రకారం జైలు, చీటీ మీద ఎన్నయినా పట్టుకోవచ్చు.

వార్డెన్ సార్ గారికి మనవి. మొత్తం 43 చీటీలు సార్, మీ బీరువాలో పై అరలో ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఉతుక్కున్నాక అరగంట, మీ ఎదురుగానే వరండాలో ఆడుకుంటాం. స్టడీ అవర్లో ఒక్క చీటీ కనపడినా మళ్ళీ తీసేసుకోండి.

ఏదుపంది బొమ్మ ఒకటి నేను గీశాను గానీ కాళ్ళు కుదరలేదు, పందికొక్కు లాగ వచ్చింది. బాగా గీసేవాళ్ళు ఎవరైనా ఉంటే శనివారం సాయంత్రం అట్టలు తీసుకుని రండి.

— 10వ తరగతి విద్యార్థి, ములకలపల్లి