‘అరుదు’ అనే మాట చాటున

బరువు తగ్గించే శస్త్రచికిత్స మీద వచ్చే ఆత్మకథలు, మార్గదర్శక గ్రంథాలు చాలావరకు ఒక్కచోటనే ముగుస్తాయి: పాత దుస్తులు వదులైన చోట. రెండు ఛాయాచిత్రాలు పక్కపక్కన పెట్టి కథ కంచికి పంపేస్తారు. పొట్టలోపల ఏం మారిందన్న ప్రశ్నకు మిగిలేది ఒక్క వాక్యం: అరుదుగా కొన్ని ఉపద్రవాలు కలగవచ్చు. అభ్యంతరమంతా ఆ ‘అరుదుగా’ మీదనే.

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చిన్నప్రేగును కోసి, చిన్న సంచీగా మిగిల్చిన జీర్ణాశయానికి అతుకుతారు. దాంతో ప్రేగును పట్టి ఉంచే కొవ్వు పొరల నడుమ అంతకు ముందు లేని సందులు ఏర్పడతాయి. వాటిలో ఒకదానికి పీటర్సన్ పేరుంది. ఆ జర్మన్ సర్జన్ అటువంటి హెర్నియాను వర్ణించినది 1900లో. అప్పటికి బైపాస్ అన్న ఊహే లేదు. రోగి చిక్కేకొద్దీ కొవ్వు కరిగి సందు వెడల్పవుతుంది. అంటే చికిత్స ఎంత ఫలిస్తే ద్వారం అంత పెద్దదన్నమాట! ఏళ్ళ తరువాత ప్రేగు అందులోకి జారి మెలితిరిగితే రక్తప్రసారం ఆగి, గంటల్లో కుళ్ళిపోవచ్చు.

స్వీడన్‌లో 2,507 మందిపై జరిగిన అధ్యయనాన్ని 2016లో లాన్సెట్ ప్రచురించింది. సందులు కుట్టకుండా వదిలినవారిలో మూడేళ్ళలో 10.2 శాతం మందికి ప్రేగు అడ్డుపడి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది, కుట్టినవారిలో 5.5 శాతం. కుట్టడమూ ఉచితం కాదు: తొలి 30 రోజుల్లో తీవ్ర ఉపద్రవాలు 2.8 నుంచి 4.3 శాతానికి పెరిగాయి. సరే, కానీ పదిమందిలో ఒకరిని ‘అరుదు’ అనే నిఘంటువు ఏది?

ఆ మాట చేసే హాని ఎమర్జెన్సీ గదిలో తెలుస్తుంది. భోంచేశాక వచ్చిపోయే నొప్పి. వాంతి ఉండకపోవచ్చు, అడ్డు పైత్యరసం పారే పాయలో పడితే పైకి వచ్చేదేమీ ఉండదు. రక్తపరీక్షలు నిక్షేపంగా ఉండవచ్చు. సీటీ స్కాన్‌లో సైతం మెలిక కనబడకపోవచ్చు. గర్భిణి అయితే నెపమంతా గర్భం మీదికే పోతుంది. ఇంట్లోవాళ్ళు గ్యాసంటారు, వాము నమలమంటారు. ఆపరేషన్ సంగతి అత్తవారింట దాచిన కోడలు, అత్తగారు పక్కన నిలబడి ఉండగా నర్సుకు మాత్రం ఎలా చెబుతుంది? స్కాన్ బాగుందన్న కాగితంతో ఆమెను ఇంటికి పంపడం వైద్యం కాదు. అనుమానం తీరకపోతే లాపరోస్కోపీతో లోపలికి చూడవలసిందే.

బైపాస్ అయినవారికి ఇటువంటి నొప్పి వస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలనీ, సర్జన్‌ను పిలిపించమని పట్టుబట్టాలనీ రాయడానికి మూడు పంక్తులు చాలు. ప్రొటీన్ వంటకాలకు అధ్యాయాలకు అధ్యాయాలు ఇచ్చిన రచయితలకు ఆ మూడు పంక్తుల చోటు దొరకలేదు.