ఇసుక పలికిన సాక్ష్యము

సంధిపత్రములపై సంతకములు పడుటతో యుద్ధములు ముగియునని చరిత్ర పుస్తకములు చెప్పును. మట్టిలో మిగిలిన మందుగుండు ఆ సంతకములను ఎరుగదు. 2014 అక్టోబరులో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున, లంబీ అను ఊరికి సమీపమందలి అడవిలో, పనివారికి ఒక లోహపు వస్తువు కనబడెను. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున జపాను వారు పంపిన బెలూను బాంబు! నౌకాదళ నిపుణులు వచ్చి దానిని పేల్చివేసిరి. 2019లో అదే రాష్ట్రమున మెక్‌బ్రైడ్ ప్రాంతమున మరియొక బెలూను శకలములు దొరికెను. డెబ్బది ఏండ్లు గడచిన పిమ్మటగూడ ఇట్టివి బయటపడుచుండగా, పాత ఆయుధభాగములను సేకరించుట, గుర్తించుట కేవలము వేడుక యనుకొనుటకు వీలులేదు. ఈ బెలూనుల చరిత్రయే అందుకు నిదర్శనము.

1944 నవంబరు మొదలు 1945 ఏప్రిలు వరకు జపాను సైన్యము తొమ్మిదివేలకు పైగా బెలూనులను పసిఫిక్ మహాసముద్రము మీదుగా వదలెను. మిక్కిలి ఎత్తున పడమటినుండి తూర్పునకు వీచు ప్రచండ వాయువులే వానికి వాహనము. ఒక్కొక్క బెలూను వ్యాసము సుమారు 10 మీటర్లు. వానిలో అధికభాగము కాగితముతో చేసినవే. మన పెరటి కందకు దగ్గరి చుట్టమైన ‘కొన్యాకు’ దుంప జిగురుతో ఆ కాగితపు పొరలను అతికించిరి. ఆ పనికి బడిలో చదువుకొను బాలికలను వేలకొలదిగా నియోగించిరి. బెలూనుకు దిగువన ఒక చట్రము, దాని చుట్టును ఇసుక సంచులు, పేలుడు బాంబు, నిప్పంటించు బాంబులు వ్రేలాడుచుండెడివి. రాత్రి చలికి లోని వాయువు కుంచించి బెలూను దిగజారినప్పుడు వాయుపీడనమును కొలుచు సాధనము పనిచేసి సంచులను విడిచెడిది. బరువు తగ్గి బెలూను మరల పైకి లేచెడిది.

ఇవి అమెరికాలో దొరకసాగినప్పుడు ఎచ్చటినుండి వచ్చుచున్నవో అధికారులకు తోచలేదు. అంత మహాసముద్రమును దాటి రాగలవని నమ్ముటయే కష్టమయ్యెను. అప్పుడు సంచులలోని ఇసుకను ఆ దేశపు భూగర్భ పరిశోధన శాఖలోని సైనిక విభాగమునకు పంపిరి. శాస్త్రజ్ఞులు దానిని సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. అందు డయాటములను అతిసూక్ష్మమైన నాచుల శిలాజములు, ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల గుల్లలు, కొన్ని విశేష ఖనిజములు కనబడెను. పగడపు తునుక మాత్రము ఒక్కటియు లేదు. కావున అది అమెరికా తీరపు ఇసుక కాదు. పగడములు పెరుగు వెచ్చని సముద్రతీరపు ఇసుకయు కాదు. జపాను భూగర్భ శాస్త్రజ్ఞుల పూర్వరచనలతో పోల్చి చూచి, హాన్షూ ద్వీపపు తూర్పు తీరమున కొలది స్థలములకు తమ అన్వేషణమును కుదించిరి. వారు చూపిన వానిలో ఒకటి ఇచినోమియా సమీప తీరము. బెలూనులను వదలిన మూడు కేంద్రములలో ఇచినోమియా నిజముగానే ఒకటి.

సేకరణ మనగా నేమో ఈ ఉదంతము బోధించుచున్నది. దొరికినవారు మెరయు లోహభాగమును మాత్రమే దాచుకొని, ఇసుకను చెత్తయని పారబోసియుండినచో ఈ సాక్ష్యము లభించెడిది కాదు. ఆయుధభాగముపై చెక్కిన అంకెలు, గుర్తులు ఎంత ముఖ్యములో, అది దొరికిన చోటు, దానితో కూడియున్న వస్తువులు, వాని అమరికయు అంత ముఖ్యములు. చోటునుండి విడదీసి అలమరలో పెట్టిన వస్తువు సగము మూగదగును.

ఐతే, గుర్తించినంత మాత్రమున పని ముగిసెనా? 1945 జనవరిలో అమెరికా ప్రభుత్వము ఈ బెలూనులను గూర్చి ప్రస్తావింపవలదని పత్రికలను, రేడియో సంస్థలను కోరెను. తాను పంపినవి గమ్యమును చేరుచున్నట్లు శత్రువునకు తెలియరాదని ప్రభుత్వపు తలంపు. ఆ ఎత్తు పారెను. ఫలితము తెలియకపోవుటయు ఒక కారణముగా జపాను ఏప్రిలులో ఆ ప్రయత్నమును మానుకొనెను. కాని అప్పటికే వచ్చి పడినవి అడవులలోనే యుండెను. మే 5వ తేదీన ఒరెగాన్ రాష్ట్రమున, బ్లై గ్రామసమీపమందలి కొండ అడవికి ఎల్సీ మిచెల్ అను గర్భిణి, ఐదుగురు పిల్లలు వనభోజనమునకు వెళ్లిరి. నేలపై పడియున్న వింతవస్తువును వారు సమీపింపగా అది పేలి ఆరుగురును మరణించిరి. ఆ పిల్లల వయస్సు 11 మొదలు 14 ఏండ్లు. ఆ మాసముననే ప్రభుత్వము మౌనమును విడిచి ప్రజలను బహిరంగముగా హెచ్చరించెను.

యుద్ధసమయమున రహస్యము పాటించుట నేరమని ఒక్కమాటలో తీర్పు చెప్పుట న్యాయము కాదు. శత్రువును వంచించుటలో ఆ మౌనము సఫలమయ్యెను. కాని శత్రువు ఆగిన తరువాతగూడ అది నిలిచియుండెను. సంచిలోని ఇసుక ఏ తీరమునుండి వచ్చినదో శాస్త్రజ్ఞులు ఎరుగుదురు. అడవిలోని వస్తువును తాకరాదని పత్రిక చూచి తెలిసికొను అవకాశము ఆ పిల్లలకు లేకపోయెను. ప్రమాదమును గూర్చిన జ్ఞానము ప్రమాదమునకు లోనగువారిని చేరనిచో, అది భద్రముగా దాచిన ధనమే గాని రక్ష కాదు.

1987లో, బాల్యమున ఆ కాగితములను అతికించిన జపాను స్త్రీలలో కొందరు వేయి కాగితపు కొంగలను మడిచి బ్లైలోని మృతుల కుటుంబములకు పంపిరి. ఒక దేశపు బడిపిల్లలచేత చేయించిన వస్తువు మరియొక దేశపు బడిపిల్లల ప్రాణములు తీసెను. ఆ కాగితమును మడుచుటకంటె వేరు భాష వారికి దొరకియుండదు.

ఆంధ్రతీరమునకు ఈ విషయము దూరపుది కాదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. నాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియమున ప్రదర్శింపబడియున్నది. ఉపాధ్యాయులు పిల్లలను తీసికొనిపోయి చూపదగిన వస్తువది. దాని ఎదుట రెండు పాఠములు చెప్పవచ్చును. నిపుణులు నిర్వీర్యము చేసి మ్యూజియమున ఉంచిన దానిని ఎంతసేపైనను పరిశీలింపుడు, ప్రశ్నలు వేయుడు. పొలములోనో, ఇసుకలోనో, పాత ఇనుము కొట్టులోనో అట్టిది కనబడినచో ముట్టక, కదల్పక, చోటు గుర్తుంచుకొని, ఇతరులను దూరముగా నిలిపి, పోలీసులకు తెలుపుడు. తుప్పు పట్టినంత మాత్రమున మందుగుండు చావదు. మొదటి పాఠము చరిత్రకు, రెండవది ప్రాణమునకు సంబంధించినది. రెండవది నేర్పనిదే మొదటిది నేర్పరాదు.