ఆ డబ్బాతో బిల్లు తగ్గదు, ప్రమాదం మాత్రం ఉంది

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ప్రజలారా, ‘పవర్ సేవర్’ పేరుతో అంగడిలోనో ఆన్‌లైన్‌లోనో అమ్మే ప్లాస్టిక్ డబ్బాను కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి.

రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. ఒక్క యూనిట్ దాటినా బిల్లు పడుతుందన్న భయం ఉన్న ఇల్లాలికి ‘కరెంటు సగానికి తగ్గుతుంది’ అనే మాట ఎంత ఆశ పుట్టిస్తుందో చెప్పక్కర్లేదు. పైగా కళ్లముందే చేసి చూపిస్తారు. చిన్న మోటరుకు ఆంపియర్ మీటరు తగిలించి డబ్బా పెట్టగానే ముల్లు దిగుతుంది. ముల్లు దిగడం నిజమే. కానీ తగ్గింది ఆంపియర్లు, యూనిట్లు కావు. మోటరులో అయస్కాంత క్షేత్రం కోసం లైనులో కొంత కరెంటు ఊరికే వచ్చిపోతుంటుంది. డబ్బాలోని కెపాసిటర్ దాన్ని అక్కడికక్కడే సర్దుతుంది, పవర్ ఫ్యాక్టర్, అంటే లైనులోని కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, పెరుగుతుంది. మామూలు ఇళ్లకు బిల్లు వేసేది నిజంగా ఖర్చయిన యూనిట్లకే. ఆ వచ్చిపోయే కరెంటుకు మీరు ఎప్పుడూ డబ్బు కట్టలేదు, ఇక తగ్గేదేముంది?

ఎల్ఈడీ బల్బులు, టీవీలు, చార్జర్ల సంగతి వేరు. నాసిరకం బల్బు కరెంటును గుక్కలు గుక్కలుగా లాగుతుంది. దాన్ని ఈ డబ్బా బాగుచేయలేదు. 9 వాట్ల బల్బు పవర్ ఫ్యాక్టర్ 0.5 అయితే సుమారు 78 మిల్లీఆంపియర్లు, 0.9 అయితే 43 లాగుతుంది. యూనిట్లు మాత్రం రెండింటికీ ఒక్కటే. ఆ తేడా భారమంతా తీగల మీద, ముఖ్యంగా న్యూట్రల్ మీద, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అందుకే బల్బు కొనేటప్పుడు పెట్టె మీద బీఐఎస్ గుర్తు, పవర్ ఫ్యాక్టర్ 0.9 చూసి తీసుకోండి.

డబ్బా విప్పితే కనిపించేది ఒక చవక కెపాసిటర్, వెలిగే చిన్న లైటు. రాత్రింబవళ్లు ప్లగ్గులో ఉండే ఆ కెపాసిటర్ ఉబ్బి పగలొచ్చు, నిప్పంటుకోవచ్చు. పీకిన వెంటనే దాని పిన్నులు ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. పిల్లలకు అందనివ్వకండి.

కెపాసిటర్ నిజంగా ఉండాల్సింది బోరు దగ్గర. 5 హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టిస్తే లైను మీద భారం తగ్గుతుంది, ఓల్టేజీ నిలుస్తుంది. ఇంట్లో యూనిట్లు తగ్గాలంటే 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టండి. ఇప్పటికే డబ్బా కొని మోసపోయినవారు కొన్న రసీదు చేతిలో పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.