రెండేళ్లు నిండితే ఫుల్ టికెట్టే.. పండక్కి ఊరెళ్లే ఐటీ కుటుంబాలకు అసలు దెబ్బ అక్కడే!

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఉంటున్న చాలా ఐటీ కుటుంబాలు సంక్రాంతికి వైజాగ్, రాజమండ్రి ఫ్లైట్ల వైపు చూస్తున్నాయి. చంటిబిడ్డతో రాత్రంతా బస్సులో అవస్థ ఎందుకు, గంటన్నరలో దిగిపోవచ్చు కదా అన్నది లెక్క. అయితే ఈ లెక్క బిడ్డ రెండో పుట్టినరోజు దాకానే పనిచేస్తుంది.

దేశీయ విమానాల్లో రెండేళ్లలోపు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొచ్చు. సీటు ఇవ్వరు, సాధారణంగా ఒక ఫిక్స్‌డ్ ఛార్జీ తీసుకుంటారు. రెండేళ్లు నిండాయా.. సీటు కొనాల్సిందే. బడ్జెట్ ఎయిర్‌లైన్స్‌లో అయితే పెద్దవాళ్లతో సమానంగా కట్టాలి.

మెలిక ఇక్కడే ఉంది. ఒళ్లో బిడ్డ ఛార్జీ పండగైనా పెద్దగా మారదు. సీటు రేటు మాత్రం డిమాండ్‌ను బట్టి ఎగబాకుతుంది. అందుకే మామూలు రోజుల్లో అంతగా తెలియని తేడా సంక్రాంతికి ఒక్కసారిగా బయటపడుతుంది. ఒకవైపు టికెట్ రూ.8,000 అనుకుందాం. దంపతులకు రానుపోను రూ.32,000. బిడ్డకూ సీటు కొంటే రూ.48,000.

అదే రైల్లో బెర్త్ అడగకపోతే ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీగా వెళ్లే మూడేళ్ల పిల్లాడికి ఫ్లైట్‌లో ఫుల్ ఛార్జీ! కాకపోతే పండగ సీజన్‌లో పెద్దవాళ్లకు బెర్త్ దొరకడమే గగనం.

కొందరు గమనించని విషయం మరొకటి. వెళ్లేటప్పుడు బిడ్డకు 23 నెలలు, పండగ మధ్యలో పుట్టినరోజు వచ్చిందంటే.. తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.

ఒక్క ఊరట మాత్రం ఉంది. 12 ఏళ్లలోపు పిల్లలకు, ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి పక్కనే సీటు కేటాయించాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది. అందుకే అందరి టికెట్లూ కలిపి బుక్ చేసుకోవడం మంచిది. చవగ్గా వచ్చిందని విడివిడిగా తీసుకుంటే ఈ రూల్ అక్కరకు రాకపోవచ్చు.

అమెరికా ప్రయాణమైతే కథ వేరు. అంతర్జాతీయ రూట్లలో ఒళ్లో బిడ్డకు సాధారణంగా పెద్దల ఛార్జీలో పది శాతం వరకు పడుతుంది. కానీ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో విజిటర్ వీసా ఫీజు చంటిబిడ్డకైనా 185 డాలర్లే. పాస్‌పోర్ట్‌కు మరో రూ.900 ముందే పక్కన పెట్టుకోవాలి.

ఇక శంషాబాద్ బయల్దేరే ముందు బిడ్డ బర్త్ సర్టిఫికెట్ బ్యాగులో ఉందో లేదో చూసుకోండి. వయసు ప్రూఫ్ లేకపోతే చెకిన్ కౌంటర్‌లో ఫుల్ ఛార్జీ కట్టమనే అవకాశం ఉంది.